పిట్టగోడ ఎత్తు

"ఆ అంకెలన్నీ తీసెయ్. బొమ్మకి చీమలు పట్టినట్టుంది," అన్నాడు భర్త, ఆమె కుర్చీ వెనక నిలబడి.

ఇంట్లో మొగుడు, ఆఫీసులో పై అధికారి. కట్టబోయే భవనాన్ని కంప్యూటర్లో నిలబెట్టి, ముఖభాగం బొమ్మ మీద ప్రతి అంతస్తూ, కిటికీ, పిట్టగోడా ఎంతెత్తో రాయడం ఆమె పని. అంకె మీద అంకె ఎక్కకుండా, గీతని గీత కోయకుండా, అన్నింటినీ గోడ బయట ఒకే వరుసలోకి తెచ్చేసరికి మూడు రోజులు పట్టింది. అత్తగారికి మందులిస్తూ, కూతురికి జడ అల్లుతూ కూడా ఆ వరుస గురించే ఆలోచించింది.

"పిట్టగోడలవైనా ఉంచుదామండీ. సైటువాళ్ళకి కావాలి."

"క్లయింటుకి అందంగా కనబడాలి. చెప్పింది చెయ్యి."

పక్క సీట్లవాళ్ళు తలలు తిప్పారు. నలుగురిలో ఎదురు చెబితే ఇంట్లో వారం రోజులు మాటలుండవు. తీసేసింది. ఆ బొమ్మే సైటుకి వెళ్ళింది.

బొమ్మలో అంకె లేక, నాలుగో అంతస్తు బాల్కనీకి పిట్టగోడ మోకాలెత్తున కట్టారు. ఇసుక తట్ట దించబోయిన కూలీ ఒకామె తూలి, కింద పరంజా మీద పడింది. నడుం విరిగింది.

"ఎత్తులు రాయడం మర్చిపోయానని చెప్పు," అన్నాడు భర్త కారులో. "నీ ఉద్యోగం పోతే ఏమవుతుంది? నాది పోతే అందరం రోడ్డున పడతాం."

"మొగుడి తల దించి నువ్వు తలెత్తుకు తిరుగుతావా?" అంది అత్తగారు.

ప్రమాదం గురించి ఆఫీసులో పెట్టిన మీటింగులో మర్చిపోయాననే చెప్పింది. "ఆడవాళ్ళ ధ్యాసంతా ఇంటిమీదే," అని నిట్టూర్చి, డైరెక్టరు రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె భర్త వైపు చూసింది. అతను కాగితాలు సర్దుకుంటున్నాడు. ఇంటికొచ్చి కొళాయి తిప్పుకుని, చప్పుడు వినబడకుండా ఏడ్చింది. చెప్పింది అతనే. కానీ తీసిన చెయ్యి తనది. దాన్ని ఎన్ని నీళ్ళతో కడుక్కోవాలి?

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళింది. మంచం పక్కన కూలామె మొగుడు కసురుతున్నాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? చూసుకోవద్దూ?"

"నాదే తప్పు తల్లీ," అంది కూలామె, ఎవరో తెలియని ఈమెతో. "ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే. కాలు ఎక్కడ పెడుతున్నానో చూసుకోలేదు."

ఆ మాట వింటూ నిలబడలేకపోయింది.

"నీ తప్పు కాదక్కా. గోడ పొట్టిగా కట్టారు. ఎంతెత్తుండాలో నేను రాశాను. మా ఆయన తీసెయ్యమన్నాడు. నేను తీసేశాను."

మొగుడి కసుర్లు ఆగిపోయాయి. కూలామె ఆమె మొహంలోకి చూసింది. తిట్టలేదు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. చెబితే సాయంత్రం ఏ ఇంటికి వెళ్ళాలో, కూతుర్ని దగ్గరికి రానిస్తారో లేదో, ఏదీ తెలియదు. ఫోను తీసి డైరెక్టరు నంబరు నొక్కింది. కూలామెకి కూడా వినబడేలా స్పీకరు పెట్టి, ఆమె తలగడ పక్కన ఉంచింది.

"సార్, నిన్న నేను అబద్ధం చెప్పాను."