లచ్చయ్య బీపీ, మార్తమ్మ కాపలా

మార్తమ్మకు మొగని మీద ప్రేమ లేదని ఎవ్వరన్నా అంటే వాళ్ల నోట్ల మన్ను పడ! ఉన్నది. జరంత ఎక్కువనే ఉన్నది. లచ్చయ్య పాలకుర్తిల ఆటో నడుపుతడు. ఏ ఆడమనిషి ముందు సీటుల ఆయన పక్కన కూసున్నా, పొద్దుగూకకముందే ఆ ముచ్చట మార్తమ్మ చెవుల పడుతది. ఎట్ల పడుతదంటే, ఆమెనే తవ్వి తవ్వి అడుగుతది గనుక. "గామె ఎవరు? ఎందుకు నవ్వింది? ఆమె నవ్వితే నువ్వెందుకు నవ్వినవ్?" లచ్చయ్యకు యాభై దాటినయి, బట్టతల, ముందటి పన్నొకటి ఊడింది. అసొంటి మనిషి కోసం ఆడోళ్లంతా కాసుక్కూసున్నరని ఆమె అనుమానం. ఏం చెప్తం?

గీ నడుమ కొత్త పంచాది మొదలైంది. ఊర్ల ప్రైవేటు బడోళ్లు లచ్చయ్యను బస్సు డ్రైవర్‌గ రమ్మన్నరు. నెలనెలా జీతం, ఆదివారం సెలవు, ఎండల సవారీల కోసం చూసే బాధ లేదు. ఆయన సంబురం అంతా ఇంతా కాదు. కానీ ఆ బస్సుల పిల్లలను ఎక్కించి దింపే ఆయమ్మ ఎవరు? సుజాత! మొగడు భూపాలపల్లిల బొగ్గుబాయి కాంట్రాక్టు పనికి పోతడు, ఎప్పుడో ఒకసారి వస్తడు. ఆమె నవ్విందంటే వాడకట్టంతా ఇనబడుతది. దినాం పొద్దున, సాయంత్రం ఆమెతోని ఒకే బస్సుల! మార్తమ్మ కడుపుల ఎండుమిరపకాయలు దంచినట్టయింది.

దేవుడే అడ్డం పడ్డడని ఆమె అనుకున్నది. ఎందుకంటే బడోళ్లు డాక్టర్ సర్టిఫికెట్ అడిగిన్రు. జనగామ దవాఖానల చూపిస్తే బీపీ మస్తుగున్నది. ఇంకోసారి పోతే ఇంకా మస్తుగున్నది. రెండుసార్లూ మార్తమ్మ ఆయన పక్కనే కూసున్నది.

"గిట్లుంటే పిల్లల బస్సు నడపమని నేను రాసియ్య" అన్నది డాక్టరమ్మ. "కాకపోతే కొంతమందికి నా అసొంటోళ్లను చూస్తేనే ఎక్కుతది. ఇంటికాడ, పనికాడ ఎట్లుంటదో చూద్దాం. రేపు ఇదే టైం దాక చేతికి మిషన్ ఉండనీ."

కాంపౌండర్ సాంసన్ లచ్చయ్య జబ్బకు బట్ట పట్టా చుట్టిండు. అండ్లకెళ్లి వచ్చిన సన్న పైపును నడుముకు కట్టిన చిన్న డబ్బాకు తగిలించిండు. "పగలు అరగంటకోసారి, రాత్రి గంటకోసారి దానంతటదే ఉబ్బుతది. ఉబ్బినప్పుడు చెయ్యి కదపొద్దు, మాట్లాడొద్దు. బండి మీదుంటే పక్కకు ఆపు. తానం చెయ్యకు, ఇప్పకు. నంబర్ మీకు కనబడదు, లోపల్నే ఉంటది." అని మార్తమ్మ దిక్కు తిరిగిండు. "అక్కా, ఏ టైంకు ఏం పని మీదున్నడో జర యాదుంచుకో, డాక్టరమ్మ అడుగుతది. కోపమొచ్చినా ఎక్కుతది, మనసు ఉలిక్కిపడ్డా ఎక్కుతది."

మనసు ఉలిక్కిపడ్డా! సాంసన్ చెప్పిన అన్ని మాటలల్ల మార్తమ్మకు ఇనబడ్డది గదొక్కటే. ఇన్నేండ్లు అడిగి అడిగి నోరు నొచ్చిందే గని జవాబు దొరకలేదు. ఇగ దొరుకుతది! సుజాతను చూస్తే ఈయన గుండె ఎగురుతదా లేదా డబ్బానే చెప్తది. ఎగిరిందా, సర్టిఫికెట్ రాదు. బస్సు పోతది, బస్సుతోని సుజాతా పోతది. మొగని కొలువు పోతదన్న సోయి ఆమెకు లేకపోలేదు. కడుపుమంట ముందట ఆ సోయి ఎంతసేపు నిలుస్తది?

ఆయన ఆటో తీస్కొని పోంగనే కూరకని కోడిని కోపిచ్చింది. సుజాతకు ఫోన్ చేసింది. "చెల్లే, అన్నకు నీ బస్సుల్నే కొలువాయె. సాయంత్రం రా, ఇంత తిని పోదువు." గొంతుల బెల్లం పోసి పిలిచింది పాపిష్టిది.

సుజాత వచ్చింది. పూలు పెట్టుకొని మరీ వచ్చింది. ఆమెను లచ్చయ్యకు సరిగ్గ ఎదురుంగ కూసోబెట్టి, మార్తమ్మ గంటె పట్టుకొని నిలబడ్డది. అన్నం వడ్డిస్తనే ఉన్నది, కండ్లు మాత్రం పట్టా మీద.

"గిదేంది బావా, జబ్బకు తాయెత్తు కట్టిచ్చుకున్నవ్?" అన్నది సుజాత. పకపక నవ్వింది.

"ఫోన్ల నేను అన్న అనే చెప్పిన గద! బావ ఎప్పటిసంది అయిండు?" మార్తమ్మ గంటె గిన్నెకు టక్కున కొట్టింది.

"మా అమ్మగారి దిక్కు వరుస బావనే అయితడక్కా" అన్నది సుజాత. ఆ మాటల ఏ మర్మమూ లేదు, కూర ఇంకొంచెం ఎయ్యమని కంచం ముందుకు జరిపింది.

అప్పుడే పట్టా గుర్రుమని ఉబ్బింది. లచ్చయ్య ముద్ద కంచంల పెట్టి రాయి తీర్గ కూసున్నడు. ఆయన సుజాతను చూడలేదు, కూరను చూడలేదు, పెండ్లాం మొఖం చూసిండు. నొసటికాడ చెమట పట్టింది. 'దొరికినవ్ కొడుకా!' అనుకున్నది మార్తమ్మ. గెలిచిన సంబురంల ఆమెకు ముద్ద దిగలేదు. సుజాతను ఆటోల దింపి రమ్మని తనే తోలింది. ఇంకో అరగంట ముచ్చట కూడ డబ్బాల పడాలె గద మరి.

తెల్లారి జనగామల సాంసన్ పట్టా ఇప్పి, డబ్బాను కంప్యూటర్‌కు తగిలించిండు. డాక్టరమ్మ తెర మీద గీతను చూసుకుంట అడిగింది. "పగలంతా మంచిగనే ఉన్నది. ఎక్కడున్నవ్ పెద్దమనిషీ?"

"ఆటో మీద మేడం."

"మరి సాయంత్రం గిక్కడ ఎందుకు గింత లేచింది?"

మార్తమ్మ కుర్చీల ఆగలేకపోయింది. "గప్పుడే సుజాత వచ్చింది మేడం! ఎదురుంగ కూసున్నది!"

"సరే. దాని తర్వాత దిగింది. దినమంతల గింత తక్కువ ఎప్పుడూ లేదు. గప్పుడు ఎక్కడున్నవ్?"

లచ్చయ్య నేల చూసిండు. "సుజాతను దింపనీకె పోయి, వాళ్లింటి ముందట ఆటో ఆపి కూసున్న మేడం. పట్టా ఉబ్బుతుండె, ఆమె ఇంకా దిగలేదు."

ఆమెతోని ఒక్కడే ఉన్నప్పుడు తక్కువనా? గదెట్ల?

"ఇంటికొచ్చినంక మళ్ల లేచింది. రాత్రంతా గట్లనే ఉన్నది" అన్నది డాక్టరమ్మ. ఈసారి ఆమె గొంతు మారింది. "నిద్రల ఎవరికైనా దిగాలె. గిట్ల రాత్రిళ్లు దిగకుంటే గుండెకు ముప్పు, పక్షవాతం రావొచ్చు. నిద్రపోలేదా?"

"పోనియ్యలేదు మేడం" అన్నడు లచ్చయ్య మెల్లగ. "పట్టా ఉబ్బినప్పుడల్లా ఈమె లేపి అడిగింది, ఎవలు యాదికొచ్చిన్రని."

సాంసన్ మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. డాక్టరమ్మ మార్తమ్మ దిక్కు తిరిగింది. "మిషన్‌కు మనసు సంగతి తెల్వదమ్మా. ఒక్కసారి ఎక్కిందని, దిగిందని ఏం చెప్పలేం. కానీ నాకొక అనుమానం. నువ్వు లేకుంట ఇంకోసారి బీపీ చూస్త, జర బయట కూసో."

మార్తమ్మ బయట బల్ల మీద కూసున్నది. తలుపు మూసిన్రు. లోపల మొగడు, డాక్టరమ్మ. వేరే దినమైతే తలుపుకు చెవి ఆనిచ్చేది. ఇయ్యాల బల్ల మీదికెళ్లి లేవలేదు. 'ఎక్కాలె యేసయ్యా' అనుకున్నది ముందు. నేను లేకున్నా ఎక్కాలె. గప్పుడు తప్పు నాది కాదు. అనుకున్నదో లేదో పక్షవాతం మాట యాదికొచ్చింది. 'వద్దు, దిగాలె' అన్నది పైకే. పక్కన కూసున్న ముసలామె ఈమెను వింతగ చూసింది.

లచ్చయ్య సర్టిఫికెట్ పట్టుకొని వచ్చిండు. "దిగింది" అన్నడు. "రాత్రికని గోలీ రాసింది. బస్సుకు పొమ్మన్నది." సంబురపడాల్నో వద్దో తెల్వనట్టు నిలబడ్డడు.

"నేనంటే గంత భయమా నీకు?"

"భయం కాదే." లచ్చయ్య సర్టిఫికెట్‌ను మడత పెట్టిండు. "నువ్వు చూస్తుంటే, నేనేం తప్పు చేసిన్నో అని లోపల దేవులాడుకుంట. ఏం దొరకదు. దొరక్కపోతే ఇంకా పరేషానైతది, నీకేం చెప్పాలె అని."

"దానికాడ దేవులాడుకోవా?"

"ఆమె ఏం అడుగదు గద."

మార్తమ్మకు ఏడుపొచ్చింది. సుజాత పూలకు, సుజాత నవ్వుకు, సుజాత వయసుకు ఇన్నొద్దులు కుళ్లుకున్నది. అవన్నీ ఒక్కపెట్టున చిన్నగయినయి. ఆమె పక్కన ఈయన నిమ్మళంగ ఊపిరి పీలుస్తడు. పాతికేండ్ల కాపురంల తన పక్కన ఒక్కనాడన్నా గట్ల పీల్చిండో లేదో మార్తమ్మకు తెల్వదు. దీనికి ఎవ్వరితోని కొట్లాడాలె?

లచ్చయ్య జేబుల ఫోన్ మోగింది. తీసిండు. ఎత్తకముందే, చెయ్యి దానంతటదే తిరిగినట్టు, తెరను పెండ్లాం మొఖం ముందట పెట్టిండు. సుజాత పేరు. సర్టిఫికెట్ వచ్చిందా అని అడగనీకె చేసిందేమో. వేరేటిదేమో.

"నాకెందుకు సూపెడ్తవ్?" అన్నది మార్తమ్మ. "ఎత్తి మాట్లాడు."

ఆయన నమ్మలేదు. ఫోన్ మోగుతనే ఉన్నది. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మాట ఇనబడనంత దూరం నడిచి, గేటు అవతల రోడ్డు దిక్కు మొఖం చేసి నిలబడ్డది. కడుపు మాత్రం మండుతనే ఉన్నది.