పన్నెండు మొహాల చక్రం

జనగామ బస్టాండు వెనకున్న వీడియో మిక్సింగ్ షాపులో పద్నాలుగేళ్ళుగా ప్రభాకర్‌దే రాజ్యం. చుట్టుపక్కల ఏ పెళ్ళి వీడియోలోనైనా పెళ్ళికూతురి మొహం తామరపువ్వులోంచి విచ్చుకుంటోందంటే అది ఆయన చేతి చలువే. అలాంటి మనిషి కడుపులో నిప్పులు పోయడానికే అన్నట్టు, సకల జనుల సమ్మె మొదలైన నెలలో షాపుకి సుభాష్ వచ్చాడు. బయ్యారం దగ్గరి తండావాడు, ఇరవై ఆరేళ్ళుంటాయి. హైదరాబాదులో ఏడాది నేర్చుకొచ్చాడట. ఏడాది! ఆ కుర్చీలో ప్రభాకర్ అరగదీసిన ప్యాంట్లకే అంతకంటే ఎక్కువ అనుభవం ఉంది.

అప్పుడే దీక్షా శిబిరం వాళ్ళొక పని తెచ్చారు. మొదటిరోజు దీక్షకు కూర్చున్న పన్నెండుమంది ఆడవాళ్ళ ఫొటోలు తెలంగాణ పటం చుట్టూ గుండ్రంగా తిరగాలి. శిబిరంలో తెర కట్టి చూపిస్తారు. ఆ పన్నెండుమందిలో ప్రభాకర్ తల్లి సోమక్క కూడా ఉంది.

ప్రభాకర్ రెండు రోజులు తంటాలు పడ్డాడు. ఒక్కో ఫొటో లేయరునూ మౌసుతో పట్టి, కంటి అంచనాతో జరిపాడు. ఒకటి సర్దితే ఇంకోటి పక్కకు పోయేది. చివరికి తేలింది సొట్టపడ్డ గిన్నె. సుభాష్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, ఒకటి పీకేవాడు.

"అన్నా, జర జరుగు" అని కూర్చుని, నమూనాకి తంగేడు పువ్వు బొమ్మొకటి పెట్టి, అది తిరిగే ఇరుసును తెర నడిమధ్యకి లాగాడు సుభాష్. దానికి నకళ్ళు తీసి, ఒక్కోదాన్నీ ముప్పై డిగ్రీలు ఎక్కువ తిప్పుకుంటూ పోయాడు. పది నిమిషాల్లో పన్నెండు పూలు గాజులా గుండ్రంగా నిలబడ్డాయి.

"ఓరి నీ! గింత అల్కటి పనికి రెండొద్దులు పరేషాన్ అయినవా ప్రభాకర్?" అన్నాడు షాపు సేటు చంద్రయ్య. "దసరా దాటినంక పెద్ద సిస్టం సుభాష్‌కే ఇస్త. నువ్వు షూటింగులు చూస్కో."

పెద్ద సిస్టం అంటే తన కుర్చీ! ఈ వయసులో కెమెరా భుజానేసుకుని పెళ్ళి బంతుల చుట్టూ తిరగాలా? ఆ రోజు ప్రభాకర్‌కి అన్నం సయించలేదు. అసూయ అంటే అసూయే, దానికింకో పేరు పెట్టి లాభం లేదు. సుభాష్ చాయ్ తాగే చప్పుడుకి కూడా ఒళ్ళు మండింది.

మర్నాడు రైల్ రోకో వీడియో తీసుకురమ్మని సేటు సుభాష్‌ను డోర్నకల్ పంపాడు. వెళ్ళేముందు సుభాష్ మరీ మరీ చెప్పాడు. "అన్నా, పూల జాగల ఫొటోలు పెట్టు. పూలకు కింద మీద లేదు గని మనుషులకు ఉంటది. కంప్యూటర్ల నేను రాసిపెట్టిన కోడు లైను ఒక్కొక్క ఫొటోకు అతికియ్యి. అప్పుడు చక్రం ఎట్ల తిరిగినా మొకాలు నిలువుగనే ఉంటయి."

"నాకే నేర్పుతున్నవా?" అన్నాడు ప్రభాకర్.

రైళ్ళు ఆగిపోయి సుభాష్ అక్కడే చిక్కుకున్నాడు. ఇక్కడ ప్రభాకర్ ఫొటోలు పెట్టాడు. కిందివైపు ఐదుగురు ఆడవాళ్ళు తలకిందులుగా వేలాడుతున్నారు. లైను అతికించడం రెండు నిమిషాల పని. చెయ్యి మౌసు దాకా పోయి ఆగింది. వీడియో చివర్లో తెర మీద పడేది సుభాష్ పేరే కదా! పోనీ, వాడి పేరు మన్నులో కలవనీ అనుకున్నాడు. తల్లి ఫొటోను మాత్రం అన్నిటికన్నా పైన, నిటారుగా పెట్టుకున్నాడు. ఆ ముసలి కంప్యూటరులో బొమ్మను కదిలించి చూడాలంటే గంట పడుతుంది. అంత ఓపిక ఎవడికుంది? ఆగి ఉన్న బొమ్మనే చూసుకుని డీవీడీ కొట్టి సేటుకిచ్చేశాడు.

సాయంత్రం శిబిరంలో తెర మీద బొమ్మ పడగానే గగ్గోలు లేచింది. "ఓయమ్మో, మా అండాలవ్వను ఉల్టా వేలాడదీసిన్రు!" అని ఎవరో అరిచారు. ప్రభాకర్ లోలోపల మురిసిపోయాడు.

అప్పుడు చక్రం కదిలింది.

తిరుగుతుందని ఆయనకు తెలియదా? భేషుగ్గా తెలుసు. పగ తలకెక్కాక ఆ ఒక్క ముక్కే బుర్రలోంచి జారిపోయింది. సోమక్క మెల్లగా ఒరిగింది, అడ్డం తిరిగింది, కిందికి దిగి తలకిందులైంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సేటు సుభాష్‌కు ఫోను కొట్టి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. "ఏంరా, మొకాలన్నీ గిట్ల ఉల్టా జేసినవేంది? గింతమంది అవ్వల ఇజ్జత్ తీసినవ్ గద!"

నినాదాల హోరులోంచి సుభాష్ గొంతు వచ్చింది. "తప్పు నాదే సేటు. లైను అతికియ్యాలని అన్నకు చెప్పుడు మరిచిపోయిన. పాపం అన్నకు గీ పని రాదు. ఆయన్నేం అనకున్రి."

ఆ పిల్లవాడు తనను వెనకేసుకొస్తున్నాడు. నోరు మూసుకుంటే చాలు, గండం గడిచిపోతుంది. కానీ పాపమట! పని రాదట! అదీ ఇంతమంది ముందు!

"ఎవనికి రాదు?" అని ప్రభాకర్ గొంతు చించుకున్నాడు. "వాడు చెప్పిండు! నాకు మంచిగ తెలుసు! రెండు నిమిషాల పని, నేనే చెయ్యలే!"

సోమక్క చాప మీంచి లేచి కొడుకు ముందుకొచ్చింది.

"తెలిసే చేసినవా కొడుకా?" అని అడిగింది.