ఇంటికి వెళ్ళిన సరుకు

అరవై క్వింటాళ్ల బెల్లం గోడౌనులో కరిగి పాకమవడానికి మూడు రోజులు పట్టింది. ఆషాఢం వాన, పైకప్పు రేకుకు బెత్తెడు చిల్లు. ఆ బెల్లం కొనడానికి తెచ్చిన మూడు లక్షల అప్పు మాత్రం కరగలేదు.

కొవ్వూరు మెయిన్ రోడ్డులో మా కిరాణా కొట్టు నాన్న పెట్టింది. కొట్టు వెనకే ఇల్లు. అప్పు ఇచ్చిన చంద్రరావు గారు రాజమండ్రిలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. నాకు సరుకు వేసేదీ ఆయనే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. కొట్టు కాగితాలు ఆయన బీరువాలో ఉన్నాయి. వచ్చే ఏడాది దసరాలోగా తీర్చకపోతే కొట్టు ఆయన పేర రిజిస్టర్ చేసి ఇవ్వాలి. నా చేతిలో ఉన్నది పదిహేను నెలలు.

కొట్టు మీద నెలకు యాభై వేలు మిగలాలి. ఇంటికి ఇచ్చేది ఇరవై ఎనిమిది వేలు, వడ్డీ ఆరు వేలు. లెక్క ప్రకారం అసలుకు పదహారు వేలు కట్టగలగాలి. గల్లాపెట్టెలో మాత్రం ఏ నెలా మూడు వేలకు మించి తేలేది కాదు.

"కొట్లో దొంగ ఉన్నాడండీ," అంది నా భార్య లావణ్య.

"ఎవరు?"

"మనమే. ఇంటికెళ్ళే సరుకు ఎప్పుడైనా రాశారా?"

రాయలేదు. ఇంటి ఆడవాళ్ళు తీసుకున్నది పద్దులో ఎక్కిస్తే కొట్లో లక్ష్మి నిలవదని నాన్న నమ్మకం. ఆయన పోయాక కూడా ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. లావణ్య ఒక నోటు పుస్తకం తెచ్చి నెల రోజులు రాసింది. ఇంట్లోకి పోయిన పప్పు, నూనె, జీడిపప్పు, చుట్టాలకు కట్టి ఇచ్చినవి, గుడికి పంపినవి, మా అమ్మ ప్రతి నెలా పిఠాపురంలో ఉన్న తన చెల్లెలికి పంపే సంచీ, అన్నీ కలిపితే పదమూడు వేల నాలుగు వందలు. పదహారులోంచి అది తీసేస్తే రెండు వేల ఆరు వందలు. గల్లాపెట్టె అబద్ధం చెప్పలేదు.

ఇక పద్నాలుగు నెలలు. పనిమనిషిని మాన్పించాం. ఎదురుగా ఉన్న సత్తిరాజు హోటల్ నుంచి రోజూ వచ్చే పెసరట్లు ఆపాం. కేబుల్ పోయింది, పాలు లీటరున్నర నుంచి లీటరుకు దిగాయి. స్కూటరు ఎక్కడం తగ్గించాను. ఇంటి ఖర్చు పద్దెనిమిది వేలకు, సరుకు ఆరు వేల నాలుగు వందలకు వచ్చింది. సరుకు నగదుకే తీసుకోవాలని షరతు పెట్టాను.

"ఏ రేటుకి?" అంది లావణ్య.

"అమ్మకం రేటుకే."

"సొంత పెళ్ళాం మీద కూడా లాభం వేసుకుంటారా?"

"వేసుకోకపోతే ఎంత మిగిలిందో తెలీదు."

"సరేలెండి. మళ్ళీ మీరే బాధపడతారు."

తగ్గించిన వాటిలో పిఠాపురం సంచీ కూడా ఉంది. పదమూడు వందల రూపాయల సరుకు. అమ్మతో నేనే చెప్పాను. ఆ రోజు అమ్మ భోజనానికి ఆలస్యంగా వచ్చింది.

ఈ లెక్కన నెలకు పంతొమ్మిది వేల ఆరు వందలు అసలుకు పోతే, వడ్డీ తగ్గుతూ వచ్చి, పద్నాలుగో నెలకు అప్పు తీరుతుంది. ఒక నెల తప్పినా కొట్టు పోతుంది. నాలుగు నెలలు తప్పలేదు.

ఐదో నెలలో లావణ్య బస్సెక్కి గోదావరి దాటి వెళ్ళింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కనుక చార్జీ సున్నా. రాజమండ్రిలో ఒక పెద్ద కొట్లో నెల సరుకు కొని, రెండు సంచీలతో సత్తిరాజు హోటల్ ముందే దిగింది.

మర్నాడు సత్తిరాజు మా కొట్టు మెట్టెక్కకుండా కింద నుంచే అడిగాడు.

"ఏంటండీ షావుకారు గారూ, మీ ఇంట్లో మీ సరుకు తినట్లేదంట?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేంటండీ, సంచీ మీద పేరు రాసుంది కదా! పెసరట్లు మానేశారంటే ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. మీరు తినని పప్పు మా కస్టమర్లకి పెట్టమంటారేంటి?"

నవ్వుతూనే అన్నాడు. అయితే నెలకు నలభై వేల సరుకు తీసుకునే మనిషి ఆ వారం నుంచి మానేశాడు. హోటలుకు తగ్గించి వేసే రేటే అయినా, నెలకు నా లాభంలో రెండు వేల ఐదు వందలు తగ్గాయి. ఇక లెక్క పద్నాలుగో నెలలో తెగదు.

ఇంట్లో లావణ్య మీద అరిచాను. ఆమె బిల్లు తీసి నా ముందు పెట్టింది. "అమ్మకం రేటు అన్నారు కదండీ. మీ కందిపప్పు నూట ముప్ఫై ఎనిమిది, అక్కడ నూట ఇరవై నాలుగు. డబ్బిచ్చి కొనేదాన్ని చవకగా దొరికే చోట కొనుక్కోనా?"

నేను కొన్న రేటే నూట ఇరవై ఎనిమిది.

పది రోజులకు, ఆ సంచీల కబురు విని చంద్రరావు గారు స్వయంగా వచ్చారు. వర్తకుడు ఖర్చు తగ్గిస్తే ఎవరికీ పట్టదు, తగ్గిస్తున్నట్టు కనిపిస్తే అప్పిచ్చినవాడికి నిద్ర పట్టదు. ఆయన స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా వద్దన్నారు.

"సత్యప్రసాద్ గారూ, నాకు భయంగా ఉందండి. నెలాఖరుకి మిగతాది మొత్తం సర్దండి. లేదంటే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం."

"గడువు దసరా దాకా ఉంది కదండీ."

"ఉంది. అప్పటికి కొట్లో సరుకుంటుందా అని."

లావణ్య నోటు పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. పదమూడు వేల నాలుగు వందల దగ్గర వేలు ఆగింది. తర్వాతి నెలల మొత్తాలు రెండుసార్లు చూశారు.

"ఇంటికెళ్ళింది కూడా రాస్తున్నారా అమ్మా?"

"ఉప్పు ప్యాకెట్ తో సహా అండి."

"మా ఇంట్లో రాస్తే కొంప మునుగుతుంది," అని పుస్తకం మూశారు. "సరే. దసరాయే. కానీ నువ్వు అవతల కొనడం ఆపాలమ్మా, నా డబ్బు ఈ కొట్టు మీదుంది."

"ఆపుతానండి. మీరు ఈయనకి టోకున వేసే రేటు కన్నా అక్కడ చిల్లర రేటు తక్కువుంది. అదొక్కటి చూడండి." బిల్లు కూడా ఆయన ముందు పెట్టింది.

"వాళ్ళు లారీలకి లారీలు దించుకుంటారమ్మా."

"మిగతా హోల్‌సేల్ వాళ్ళెంతకి వేస్తున్నారో ఫోన్ చెయ్యమంటారా?"

ఆయన ఫ్యాను వంక చూశారు. నేను గల్లాపెట్టె వంక చూశాను. అప్పు తెచ్చిన రోజు నుంచి ఆయన వేసిన రేటుకు నేను బేరం ఆడలేదు. అప్పున్నవాడిని, అడిగితే ఏమనుకుంటారో అని. పాతికేళ్ళ వ్యాపారంలో అంత పెద్ద పొరపాటు బెల్లం విషయంలో కూడా చెయ్యలేదు. నూటికి రెండు అనుకున్న వడ్డీ పప్పు బస్తాల్లో కలిసి ఎంతయిందో ఆ రాత్రి లెక్క వేసి, కాగితం చింపేశాను.

"నూట ఇరవై ఒకటి," అన్నారు చంద్రరావు గారు లేస్తూ. "మినపప్పుకి, శనగపప్పుకి కూడా చూసి వేస్తాను."

అన్ని పప్పుల మీదా కలిపి నెలకు ఆరు వేలు నాకు మిగిలాయి. అందులో సగం అమ్మకం రేటులో తగ్గించాను. మూడు నెలలకు సత్తిరాజు తిరిగి వచ్చాడు. నా మీద అభిమానంతో కాదు, రేటు చూసి.

దసరాకు ఇంకా నాలుగు రోజులుందనగా అప్పు తీర్చి కొట్టు కాగితాలు తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం నోటు పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. అంతవరకు లావణ్య చదివి చెప్పిన మొత్తాలే విన్నాను. వెనక అట్ట వైపు నుంచి రెండు పేజీలు వేరుగా రాసి ఉన్నాయి. పైన "అత్తయ్య, నగదు" అని ఉంది. నెలకొకటి చొప్పున పద్నాలుగు పద్దులు: కందిపప్పు, పంచదార, కాఫీపొడి, నూనె. మొత్తం పద్దెనిమిది వేల రెండు వందలు.

"ఏంటిది?"

"పిఠాపురం సంచీ. పోస్టాఫీసు వడ్డీ డబ్బులతో కొన్నారు. మీరు భోంచేసేటప్పుడు కొట్లో నేను కూర్చుంటాను కదా, అప్పుడు వచ్చేవారు."

"ఏ రేటుకి వేశావు?"

"మీరు చెప్పిన రేటుకే. నేను తగ్గించబోతే, వాడి లెక్క చెడగొట్టకమ్మాయ్ అన్నారు."

నాకు నూటికి తొమ్మిది మిగులుతుంది. పద్దెనిమిది వేల రెండు వందల మీద పదహారు వందల ముప్ఫై ఎనిమిది. అది కూడా మిగతా డబ్బుతో కలిసి చంద్రరావు గారి దగ్గరకే వెళ్ళింది.

ఆ నెల పిఠాపురం సంచీ నేనే కట్టాను. ఇంటి ఖాతాలో రాశాను, కొన్న రేటుకి.