ఎర్సెంద్ గుర్తుపట్టిన మొహం

నేను ఒక వెండి నాణేన్ని. ఫ్రాన్సులో వాందోమ్ అనే సీమను ఏలిన దొరగారి టంకశాలలో ఎనిమిది వందల ఏళ్ళ కిందట పుట్టాను. వెండి అన్నానని మురిసిపోకండి, రాగి కూడా బాగానే కలిపారు. ఇప్పుడు మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను. జనం ఒక్క క్షణం ఆగి, పక్కనున్న బంగారం దగ్గరికి వెళ్ళిపోతారు.

నా మీద ఒక మొహం ఉంది. నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఒకాయన అచ్చు మీద చక్కగా తల చెక్కాడు. దాన్ని చూసి ఇంకొకడు చెక్కాడు, వాడిది చూసి మరొకడు. నా వంతు వచ్చేసరికి ముక్కు గీత అయింది, కన్ను మూడు చుక్కలయింది. కొందరు నన్ను దువ్వెన అన్నారు, కొందరు కోటగుమ్మం అన్నారు. అంగట్లో చెల్లితే చాలు, మొహంతో వాళ్ళకేం పని?

గెరాన్ అనే బండివాడు తన పెళ్ళిలో నన్ను పెళ్ళికూతురు ఎర్సెంద్ చేతిలో పెట్టాడు. వరుడు వధువుకు నాణేలివ్వడం అక్కడి ఆచారం. ఏడాది తిరక్కుండానే అతను దొరగారి సైన్యం వెంట సామాన్ల బండి తోలుకుంటూ జెరూసలేం వైపు మతయుద్ధానికి వెళ్ళాడు. మిగతా నాణేలు తిండికి ఖర్చయిపోయాయి. నన్నొక్కదాన్నే ఆమె దాచుకుంది.

ఏళ్ళు గడిచే కొద్దీ ఆమెకు ఒకటే భయం, మొగుడి మొహం మరిచిపోతున్నానని. ఒక సాయంత్రం ఉన్ని వడుకుతూ నన్ను పక్కకు తిప్పి చూసి ఆగిపోయింది.

"అరె, ఇది ముక్కు గదా! ఇదిగో కన్ను. అచ్చం మా ఆయనే!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎన్ని చేతులు మారినా నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. నేను గెరాన్‌ను కాదని చెప్పే నోరు నాకు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. "ఏమయ్యా, మేక ఈనింది", "ఏమయ్యా, కప్పు కారుతోంది" అంటూ రోజూ నాతో కబుర్లే. బొటనవేలితో నిమిరీ నిమిరీ ఉన్న ముక్కు కాస్తా అరగదీసింది. అరిగితే అరిగిందిలే అనుకున్నాను.

ఒకనాడు వాకిట్లో ఎవరో దగ్గారు. ఆ దగ్గు వింటూనే ఆమె కదురు పారేసి పరిగెత్తింది. గెరాన్! ఎండకు కమిలి, పళ్ళూడి, గడ్డం నెరిసి వచ్చాడు. అతనికీ నాకూ ఏ పోలికా లేదు. ఆమె పోల్చి చూడనూ లేదు.

"ఆకలేస్తోందే" అన్నాడు.

ఇంట్లో ఏమీ లేదు. ఆమె నన్ను తీసుకుని రొట్టెలవాడి దగ్గరికి ఉరికింది. వేడి రొట్టెలు ఒడిలో వేసుకుని, నవ్వుతూ, ఏడుస్తూ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. మనిషే వచ్చాక బొమ్మతో పనేముంది! ఆమె చేతి వెచ్చదనం నా మీద ఇంకా ఆరకముందే రొట్టెలవాడు నన్ను గల్లాపెట్టెలో పడేసి మూత వేశాడు.