మూడో అంతస్తు అద్దె కాగితం

"ఎటూ మెట్లు ఊడుస్తూ పైదాకా పోతావుగా, మూడో అంతస్తులో నిల్జా దగ్గరున్న ఆ అద్దె కాగితం పట్టుకురా" అన్నాడు మా ఆయన ఆదెరితు. రాత్రి మిగిలిన కచూపాను, మా మొక్కజొన్న చిక్కుళ్ల కూటును, వేయించి, పైన గుడ్డు వేసి పెడితే తింటున్నాడు. బ్రాక్టన్‌లో మూడంతస్తుల చెక్క ఇల్లు మాది. మాది కాదు, అప్పు కట్టలేకపోతే సెప్టెంబరులో బ్యాంకు వేలం వేసి తనే పాడుకుంది. నోటికి ఇంకా అలవాటు పోలేదు. పదకొండేళ్లుగా ఆ మెట్లన్నీ నేనే ఊడ్చాను. అద్దెకున్నవాళ్లకు కుళాయి కారినా, హీటరు ఆగినా నన్నే కేకేసేవారు. ఇంటి ఓనరు ఎవరని ఎవరైనా అడిగితే మాత్రం ఆదెరితు చొక్కా సర్దుకుని ముందుకొచ్చేవాడు.

ముందురోజు బ్యాంకు తరఫున బ్రోకరు వచ్చాడు. "నెలాఖరుకు ఇల్లంతా ఖాళీ చేసి తాళాలిస్తే మూడు వేల డాలర్లు మీ చేతిలో పెడతాం. పైనున్నావిడకు రాసిచ్చిన అగ్రిమెంటేమీ లేదుగా? ఉంటే చిక్కే. మేలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం గడువు తీరేదాకా ఆమెను కదపలేం" అన్నాడు. "ఏమీ లేదు" అన్నాడు ఆదెరితు. వాళ్లకు కాఫీ పోస్తున్నాను. నా తల మీదుగానే మాట్లాడుకున్నారు.

కాగితం ఉంది. పిల్లను బడిలో చేర్చాలంటే చిరునామాకు రుజువు కావాలని జూన్‌లో నిల్జా అడిగితే నేనే రాసిచ్చాను, జూలై ఒకటి నుంచి ఏడాదికి. మాలో మాకు ఇలాంటివి రాసుకోవడం నామర్దా. ఇద్దరం ఒకే దీవి నుంచి వచ్చినవాళ్లం, పైగా ఆ పిల్లకు చర్చిలో బాప్తిస్మమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడ్డదాన్ని నేను. ఆ రోజు ఆదెరితు పగలబడి నవ్వాడు. "నీ సంతకానికి ఎవడిస్తాడే విలువ?" ఇంటి అప్పు తీసుకున్నప్పుడు మాత్రం ఆ సంతకం అవసరమైంది. పద్దెనిమిదేళ్లకే మా దీవిలో, ప్రాయా బజారులో బట్టలమ్మినదాన్ని నేను. ఇప్పటికీ డ్రమ్ముల్లో సరుకు కట్టి దీవులకు పంపి అమ్మిస్తాను. కుట్టు తిరగేసి చూడకుండా చొక్కా కొనను. అలాంటిదాన్ని, ఆదెరితు వేలు పెట్టి చూపిన చోటల్లా చదవకుండా సంతకం చేశాను. "బ్యాంకాయన టైము పాడుచెయ్యకు" అన్నాడు మరి. ఆ గట్టి బేరగత్తె ఆ రోజు ఎక్కడికి పోయిందో ఇప్పటికీ నన్ను నేను అడగలేను.

చీపురు పట్టుకుని ఎక్కుతూ లెక్క వేసుకున్నాను. మూడు వేలుంటే ఇంకోచోట రెండు గదులకు అడ్వాన్సు అవుతుంది. లేకపోతే నా సరుకు డ్రమ్ములతో సహా రోడ్డు మీదే. నిల్జా చిన్నది, ఉద్యోగముంది, ఎక్కడో ఒక చోటు దొరకకపోదు. ఖాళీగా ఉన్న రెండో అంతస్తు దాటేసరికి మా అత్తగారు ఫోనులో అన్న మాట కూడా లెక్కలోకి వచ్చింది. "మొగుడి పరువు వీధిలో పడితే ఎత్తి తేవాల్సింది పెళ్లామేనమ్మా." లెక్క సరిపోయింది. సరిపోయినందుకే కాబోలు, తలుపు కొట్టడానికి చెయ్యి వెంటనే లేవలేదు.

నిల్జా రాత్రి డ్యూటీ దిగి వచ్చి పిల్లకు జడ వేస్తోంది. వృద్ధుల ఆశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించే పని ఆమెది.

"రా అక్కా, కూర్చో."

"కూర్చోను. ఆ అద్దె కాగితం ఓసారి ఇస్తావా? బ్యాంకులో చూపించాలట."

వెలిసిన గుడ్డను కొత్తదని అమ్మినప్పుడు కూడా నా గొంతు అంత నున్నగా పలకలేదు. నిల్జా ఒక్క క్షణం నా వంక చూసింది. పిల్ల టీకా కార్డున్న కవరులోంచి కాగితం తీసి ఇచ్చింది. "రాసినదానివి నువ్వే. నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే."

కిందికి వచ్చాను. "తెచ్చావా? స్టవ్వు మంట మీద పెట్టెయ్" అన్నాడు ఆదెరితు, పళ్లెంలోంచి తలెత్తకుండా. కాగితం నా ఏప్రను జేబులో ఉంది. మా బజారులో అమ్మిన సరుకును కొన్నవాడు తిప్పి తేవచ్చు, అరుస్తాం, తిడతాం, ఆఖరికి పుచ్చుకుంటాం. అమ్మినవాడే కొన్నవాడి ఇంటికెళ్లి సరుకు ఎత్తుకొస్తే దాన్ని వ్యాపారమనరు. అది తెలిసిన మనిషిని నేను. మళ్లీ మెట్ల వైపు తిరిగాను.

"ఎక్కడికే?"

"చీపురు పైన మర్చిపోయాను."

మంచి పనికి పోతూ కూడా అబద్ధమే చెప్పాను.

కాగితం నిల్జా బల్ల మీద పెట్టి వేలం, బ్రోకరు, మూడు వేలు, చట్టం అన్నీ చెప్పేశాను. చెప్పినంతసేపూ పిల్ల జడనే చూశాను. నిల్జా పిల్లను లోపలికి పంపింది.

"తెలుసక్కా. బ్యాంకు ఉత్తరం నా తలుపు కిందా తోశారు, వారమైంది. చర్చి పక్కన డబ్బు తీసుకోకుండా కేసులు చూసే లాయర్ల దగ్గరికి పోయాను. కాగితం జిరాక్స్ తీయించుకోమంటే తీయించుకున్నాను." తల దించుకుంది. "నువ్విచ్చిన కాగితానికి జిరాక్స్ తీయడమంటే నిన్ను దొంగ అన్నట్టే కదా. అప్పట్నుంచి మెట్ల మీద నువ్వు ఎదురైతే సిగ్గేస్తోంది. క్షమించక్కా."

నేను పడాల్సిన సిగ్గు నిల్జా వారం రోజులుగా పడింది.

"ఇంకేమన్నారు వాళ్లు?"

"ఇది దొంగ కాగితమని బ్యాంకు అంటుందట. రాసినావిడ వచ్చి తన సంతకమేనని చెబుతుందా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"రాదండీ, ఆమెకు మొగుడున్నాడు అన్నాను."

"ఎర్మెలిందా! చీపురు దొరకలేదా?" కింద నుంచి ఆదెరితు అరిచాడు.

"ఆ లాయర్ల ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?" అని నిల్జాను అడిగాను.