వరహాలమ్మ గారి గంగాళంలో దబ్బకాయ

నేను ఒక దబ్బకాయని. నిమ్మజాతే గానీ, నిమ్మలా నిమ్మళంగా ఉండే రకాన్ని కాదు. చెట్టు మీంచి దబ్బున పడ్డానంటే కింద పడుకున్న కుక్క లేచి చోటు మార్చుకోవాల్సిందే. తొక్క మందం, పులుపు ఘాటు, మర్యాద తక్కువ.

రైతుబజారులో నన్ను తట్టకెక్కించారు. జనం వచ్చారు, నొక్కారు, పోయారు. కొడుక్కి సంబంధాలు చూస్తున్న ఒకావిడ ఫోన్లో "పిల్ల దబ్బపండులా ఉండాలండీ" అంటూనే నన్ను ఎత్తి చూసి, "ఇదేంటమ్మా, బత్తాయికి జబ్బు చేసిందా?" అంది. దబ్బకి జబ్బట! ఈ మనుషులకి ఛాయ కావాలి, కాయ అక్కర్లేదు.

వరహాలమ్మ గారు అలా కాదు. అరచేతిలో బరువు చూసింది. గోటితో తొక్క గీరింది. పసుపు ఎంతవరకు తిరిగిందో ఎండలో పట్టి చూసింది. "నువ్వే నాకు కావలసింది" అని సంచిలో వేసుకుంది.

వాళ్ళ అపార్టుమెంటు కార్తీక వనభోజనాల్లో పులిహోర ఎప్పుడూ ఆవిడదే. పోయినేడు మాత్రం చేదెక్కింది. అసోసియేషన్ సెక్రటరీ జోగారావు "చల్లారిపోయిందర్రా" అంటూ, రసం కలిపేసిన గంగాళాన్ని మళ్ళీ పొయ్యెక్కించాడు. మా జాతి రసానికి సెగ తగిలితే చేదే. ఎక్కించినాయన తప్పుకున్నాడు, చేసినావిడ మాటపడింది.

గేటు దగ్గర ఆయనే ఎదురయ్యాడు.

"పిన్నిగారూ, ఈసారి పులిహోర కేటరింగ్‌కి చెప్పేశామండీ. మీరు ఊరికే వచ్చెయ్యండి."

"ఊరికే రావడానికి నేనేమన్నా గాలినా, వాననా? గంగాళంతోనే వస్తాను."

"మళ్ళీ చేదైతేనో?"

"మళ్ళీ మీ వనభోజనాల్లో గరిటె ముట్టను. సరేనా?"

ఆదివారం ఉసిరితోటలో కేటరింగ్ వాళ్ళ నిమ్మకాయ పులిహోర పొయ్యి మీద పొగలు కక్కుతోంది. వరహాలమ్మ గారు పోపు కలిపి చల్లార్చిన అన్నం ముందు పెట్టుకుని, అందరూ చూస్తుండగా నన్ను కోసింది. పిండేవాళ్ళు వేరు, పీడించేవాళ్ళు వేరు. ఆవిడ పిండింది. గింజలు పడకుండా, తొక్క నలగకుండా, నేను ఇస్తానన్నంత వరకే.

జోగారావు వచ్చి గంగాళం మీద చెయ్యి పెట్టాడు. "అయ్యో, చల్లగా ఉందే! కాస్త సెగ చూపిద్దామా?"

ఆవిడ గరిటెతో అడ్డం నిలబడింది. "పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళావంటే నీకే పోపు పెడతాను!"

పులిహోరలో పులి ఎక్కడుంటుందో జనానికి అప్పుడు తెలిసింది.

విస్తళ్ళు పరిచారు. వేడి పులిహోర తిన్న మొహాలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. సెగ మీద కూర్చుని కూర్చుని అది చేదెక్కి చచ్చింది. విస్తళ్ళన్నీ మా గంగాళం వైపు నడిచాయి. అన్నిటికంటే చివర, తల దించుకుని జోగారావు విస్తరి.

"చల్లగా ఉంది నాయనా, నీకు పనికిరాదేమో."

"పెట్టండి పిన్నిగారూ. అడుగున ఉన్నది కూడా గీకి పెట్టండి."

"మరి పైయేడు గరిటె ఎవరిది?"

"మీదేనండీ! కాదన్నదెవరు?"

"నువ్వే!"

తోటంతా గొల్లుమంది. ఆయన మాత్రం విస్తరి వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు నేను చెట్టు కింద ఎంగిలి విస్తళ్ళ మధ్య రెండు ఖాళీ డిప్పలుగా పడున్నాను. పిండేశారు, పారేశారు. మీ జాలి నాకు అక్కర్లేదు. అదిగో, కుళాయి దగ్గర జోగారావు చేతులు సబ్బుతో తోముకుంటున్నాడు, వాసన చూసుకుంటున్నాడు, మళ్ళీ తోముకుంటున్నాడు.

తోముకో నాయనా, తోముకో. నేను పోను.