నేను నడపాల్సిన ట్రక్కు

ఆ ఏడాది మే నెలలో మేం ట్రక్కు వెతుక్కోవాల్సి వచ్చింది. మామూలుగా అయితే అది మా ఆయన ఆర్లో పని. ఆయన చూసుకుంటాడు, ఆయన కొంటాడు, నేను పక్క సీట్లో కూర్చుంటాను. ఈసారి మాత్రం ట్రక్కు నాకు. అరవై ఆరేళ్ళొచ్చేదాకా చిన్న కారు తప్ప ఇంకోటి ముట్టుకోనిదాన్ని, ముప్ఫై రెండు అడుగుల క్యాంపింగ్ ట్రైలర్‌ని లాక్కుంటూ కొండలెక్కి దిగాలిట. తలుచుకుంటేనే భయమేసేది.

ఆ ట్రైలరే మా ఇల్లు. ఆర్లో ధాన్యం గిడ్డంగిలో తూకం దగ్గర ముప్ఫై ఒక్కేళ్ళు చేసి రిటైరయ్యాక మా ఊరు రెడ్‌ఫీల్డ్‌లో ఇల్లమ్మేసి దాన్ని కొన్నాం. వేసవంతా బ్లాక్‌హిల్స్‌లో కొండల మధ్య ఒక టూరిస్టు క్యాంపుకి కాపలా ఉంటాం. వచ్చినవాళ్ళకి స్థలాలు చూపించడం, కట్టెలమ్మడం, మరుగుదొడ్లు కడగడం మా పని. చలికాలం దక్షిణాన వెచ్చగా ఉండే యూమాలో ఉంటాం. ఆరేళ్ళుగా అదే బతుకు, నాకు ఏ లోటూ లేదు. మా పాత ట్రక్కు ఏప్రిల్లో యూమా నుంచి వస్తూ వస్తూ హాట్‌స్ప్రింగ్స్ ఊరు దాటాక కొండెక్కుతుంటే గేరుబాక్సు కాల్చుకుని కూర్చుంది. ఇంకో నలభై మైళ్ళు ఓపిక పట్టి ఉంటే క్యాంపుకి చేరేవాళ్ళం. నేను దాన్ని తిట్టని తిట్టు లేదు.

ఆ వారమే ఆర్లో తన కళ్ళ సంగతి చెప్పాడు. యూమాలో కంటి డాక్టరు చూశాట్ట, చూపు మధ్యలోంచి తినేస్తూ వస్తోందిట. ఈ వేసవి పగటిపూట నడపొచ్చు, ఆ తర్వాత వద్దన్నాట్ట. ఇక మిగిలినవి రెండే దారులు. నేను స్టీరింగు పట్టుకోవాలి, లేదా క్యాంపుకి దగ్గర్లోని ర్యాపిడ్‌సిటీ చివర ట్రైలర్ల పార్కులో చక్రాలు పీకేసి దాన్ని సిమెంటు దిమ్మల మీద శాశ్వతంగా నిలబెట్టేయాలి.

"దిమ్మల మీద పెట్టిన రోజున నేనూ అయిపోయినట్టే మార్వా" అన్నాడు.

ఆరేళ్ళుగా నేను అనే మాట ఒకటుంది. ఆ దెయ్యాన్ని నేను చచ్చినా నడపను అని. ఆ రోజు దాన్ని మింగేసి, సరే నేర్చుకుంటాలే అన్నాను. అన్నది నోరే, కాళ్ళు ఒప్పుకోలేదు.

క్యాంపు మేనేజరు జొలీన్ కారు అడిగి తీసుకుని ర్యాపిడ్‌సిటీలో పాత బళ్ళ షాపులన్నీ తిరిగాం. ప్రతి షాపులోనూ ఒకటే వరస. కారు నడుపుకుంటూ వచ్చింది నేను, ముందు దిగింది నేను, ట్రక్కు కావాలని అడిగింది నేను. అమ్మేవాడు మాత్రం నా భుజం మీంచి ఆర్లోకి చెయ్యి చాపుతాడు. ఇంజను గురించి ఆయనకి చెప్తాడు, తాళాలు ఆయనకిస్తాడు. నాకేమో కాఫీ కావాలా మేడమ్ అంటాడు. ఒళ్ళు మండిపోయేది. మీ కాఫీ నా నెత్తిన పోసుకోనా అందామని నోటిదాకా వచ్చేది.

లోవెల్ అనే ఆయన తన షాపులో మంచి ఎర్ర ట్రక్కు చూపించాడు. అద్దంలా ఉంది, తోలు సీట్లు. పన్నెండు వేల పౌండ్లు లాగుతుంది సార్, మీ ట్రైలర్ దీనికో లెక్కా అన్నాడు. ఆర్లో ఆ మాటకి పడిపోయే మనిషి కాదు. బరువు సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లాగడం వేరు, మోయడం వేరు అంటాడెప్పుడూ. ట్రైలర్ ముక్కు ట్రక్కు వీపు మీద కూర్చుంటుంది. ట్రక్కు దాన్ని మోయాలి, మనల్నీ మోయాలి, పనిముట్ల పెట్టెనీ మోయాలి. మోయలేకపోతే వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, కొండ దిగేటప్పుడు స్టీరింగు మాట వినదు. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు తెరిస్తే లోపలంచు మీద చిన్న కాగితంలో రాసుంటుంది. ప్రకటనల్లో అరిచే అంకె నమ్మి, ఆ కాగితం చూడకుండా కొనేవాళ్ళే ఎక్కువ. మాకు తక్కువలో తక్కువ పదిహేడు వందల పౌండ్లు కావాలి.

ఆర్లో తలుపు తెరిచి వంగాడు. ముక్కు కాగితానికి ఆనేలా పెట్టి, కోడిలాగా తల ఇటూ అటూ తిప్పాడు. "పద్దెనిమిది వందల ఎనభై. సరిపోతుంది" అన్నాడు.

నేనూ వంగి చూశాను. పదమూడు వందల ఎనభై.

"అది ఎనిమిది కాదు ఆర్లో, మూడు."

ఆయన మొహం కందిపోయింది. అద్దాలు మురికిగా ఉన్నాయంటూ తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లోవెల్ ఆకాశంలోకి చూశాడు. అంత చిన్న అక్షరాలు ఎవరికి మాత్రం కనిపిస్తాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవాలని నాకే ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళు ఒక్క అంకె తప్పు చదవని మనిషి, తప్పు చదివి దాని మీద మా ఇద్దరి ప్రాణాలూ పెట్టబోయాడని అనుకోబుద్ధి కాలేదు.

ఇంకో షాపులో ఆర్లో వెనక నాలుగు చక్రాలున్న పెద్ద డీజిల్ ట్రక్కు పట్టుకుని వదల్లేదు. నేను ఎక్కాలంటే పీట వెయ్యాలి. మడ్‌గార్డు నిమురుతూ, ఇలాంటిది ఒక్కటన్నా నా జన్మలో ఉండాలని ఎన్నేళ్ళ నుంచో కోరిక అన్నాడు. నడిపేది నువ్వా నేనా అని అక్కడే అడిగేశాను. రాత్రి సూప్ గిన్నె నా ముందు పెట్టి, నీకు నచ్చిందే కొందాం అన్నాడు గొణుగుతూ. క్షమాపణ అంటే ఆయన భాషలో అంతే.

దాణా కొట్టు గోడ మీద ట్రక్కు అమ్ముతామన్న కాగితం చూసి రీవా అనే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. ఫెయిర్‌బర్న్ ఊరి దగ్గర ఆవిడ గుర్రాల ఫారం. ఆ రోజు జొలీన్ తనే మమ్మల్ని దింపి, బాగుంటే అందులోనే వచ్చేయండి, లేకపోతే ఫోను చేయండి అని వెళ్ళిపోయింది. రీవాకి డెబ్భై ఉంటాయి. తుంటి ఆపరేషనయ్యాక గుర్రాలమ్మేసింది, ఇప్పుడు వాటిని తిప్పిన ట్రక్కు అమ్ముతోంది. పదకొండేళ్ళ బండి, బూడిద రంగు, తలుపు మీద పెద్ద సొట్ట.

"ఎవరు నడిపేది?" అనడిగింది.

"నేను" అన్నాను.

తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అయితే ఆయనతో నాకేం పని" అంది. ఆర్లోతో సహా ముగ్గురం నవ్వాం.

తలుపు లోపలంచు మీది కాగితం ఈసారి నేనే చదివాను. రెండు వేల తొమ్మిది వందల నలభై. ఆర్లో బండి కిందికి దూరి, ఇనుమంతా వేళ్ళతో తడిమి తుప్పు లేదన్నాడు. గేరుబాక్సులో నూనె కొలిచే పుల్ల తీసి వాసన చూసి, మాడలేదన్నాడు. స్టార్టు చేయించి పదినిమిషాలు చెవి పెట్టి విన్నాడు. సీటు నాకు సరిపోయింది, కాళ్ళందాయి, అద్దాల్లో వెనకంతా కనిపిస్తోంది. ఆ బండిలో కూర్చున్నాక మొదటిసారి నాకు భయం కాస్త సడలింది.

ట్రైలర్ తగిలించి చూడకుండా ట్రక్కు కొంటారా ఎవరన్నా అని రీవా కసిరింది. తన గుర్రాల ట్రైలర్ ఇంకా అమ్మలేదు, అది తగిలించింది. కొట్టానికీ కంచెకీ మధ్య సందులోకి వెనక్కి పెట్టమంది. చెయ్యి స్టీరింగు కింద భాగంలో పెట్టుకో, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు, అంతే, తొందరపడితే చెడిపోతుంది అని చెప్పింది. ఆర్లో వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు, నేను సైగ చేస్తా అంటూ. సందు రెండు వైపులా చూసొచ్చి, నా వైపు, అంటే ఎడమ అద్దంలో కనబడేలా నుంచుని చెయ్యి ఊపాడు. రా, రా.

నేను వచ్చాను. ట్రైలర్ నేను చెప్పినట్టు వంగింది. నాకే ఆశ్చర్యం. రా, ఇంకా రా. ఆయన చెయ్యి నింపాదిగా ఊగుతూనే ఉంది. అప్పుడు కుడివైపు అద్దంలోకి చూశాను. ట్రైలర్ మూలకి జానెడు దూరంలో పాత గేటు తాలూకు ఇనప స్తంభం, ఛాతీ ఎత్తున. ఎడమ అద్దంలో ఆర్లో తిన్నగా దాన్నే చూస్తున్నాడు. దాన్నే చూస్తూ రా, రా అంటున్నాడు.

బ్రేకు తొక్కాను.

"ఆపావేం? బోలెడు చోటుంది" అని కేకేశాడు.

దిగి వెళ్ళాను. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ స్తంభం మీద పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. పైకీ కిందికీ తడిమాడు.

"ఇది ఇక్కడ ఉందా?" అన్నాడు.

"ఉంది."

రీవా మమ్మల్ని చూసి, నీళ్ళు తెస్తానని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆర్లో స్తంభం వదల్లేదు. ఎక్కడ చూస్తే అక్కడే మాయమవుతోంది, పక్కచూపుకి మాత్రమే అంతో ఇంతో కనిపిస్తోందన్నాడు. వేసవంతా నడపొచ్చని డాక్టరు అననేలేదుట. ఫిబ్రవరిలోనే, ఆ గదిలోనే, ఇవాళ్టి నుంచి నడపకు అన్నాట్ట. ఆర్లో నాకు సగమే చెప్పాడు.

నాకు లెక్క కట్టుకోవడానికి కాసేపు పట్టింది. ఫిబ్రవరి. మేం యూమా నుంచి బయల్దేరింది ఏప్రిల్లో.

"అంటే పన్నెండు వందల మైళ్ళు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎదర ఏముందో కనపడకుండా నడిపావు" అన్నాను. "ఎదురొచ్చే బళ్ళల్లో పిల్లలున్నారు ఆర్లో."

"దారి అంచు కనిపించేది. దాన్నే పట్టుకొచ్చాను."

కొట్టాలనిపించింది. నిజంగానే. నేను తిట్టిపోసిన ఆ పాత ట్రక్కుకి దణ్ణం పెట్టాలి, కొండ దిగకముందే చచ్చిపోయి మమ్మల్ని బతికించింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు నడపనన్నావుగా అన్నాడు. ఆరేళ్ళుగా అంటున్నావుగా, చెప్తే అక్కడే యూమాలోనే దిమ్మల మీద పెట్టించేస్తావనుకున్నాను అన్నాడు. అది అబద్ధమేం కాదు. పెట్టించేసేదాన్నే.

ఆయన స్తంభం వదిలి, చేతికంటిన తుప్పు ప్యాంటుకి రాసుకున్నాడు.

"సైగ చెయ్యడానికి కూడా పనికిరాను. మరి నేనెందుకు నీ వెంట?" అన్నాడు.

వెళ్ళి ట్రక్కెక్కాను. ముందుకి తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి మొదలుపెట్టాను. నాలుగడుగులు రావడం, ఆపడం, దిగడం, వెనక్కి నడిచి కళ్ళతో చూసుకోవడం, మళ్ళీ ఎక్కడం. అలా ఐదుసార్లు. ఏడుస్తూనే చేశాను, ఏడుపు వల్ల పని ఆగలేదు. ఐదోసారి దిగేసరికి ట్రైలర్ ఆ సందులో సరిగ్గా కూర్చుంది, స్తంభానికీ దానికీ మధ్య మనిషి నడిచేంత చోటుంది. అంటే ఇది నా వల్ల అవుతుంది. ఆయన కళ్ళు లేకపోయినా అవుతుంది. ఆ సంగతి తెలిసినందుకు సంతోషమా దుఃఖమా అంటే నేను చెప్పలేను.

రీవా నీళ్ళతో వచ్చి మెట్ల మీద నుంచుంది. "ఏమంటావు?" అంది నన్ను.

"తీసుకుంటున్నాను."

గుర్రాల ట్రైలర్ విప్పేశాక కాగితాల మీద ఆవిడ సంతకం పెట్టింది, నేను పెట్టాను. ఆర్లోని ఏమీ అడగలేదు నేను. ఆయన ముందుగా నడుచుకుంటూ వెళ్ళి ఎడమవైపు, డ్రైవరు తలుపు పిడి పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత వదిలేసి, ఇంజను మూత మీద చెయ్యి ఆనించుకుంటూ ముందువైపు నుంచి తిరిగి అవతలి తలుపుకి వెళ్ళాడు. నేను సాయం చేయలేదు. బెల్టు పెట్టుకున్న చప్పుడు విన్నాకే బండి కదిలించాను.

కంకర రోడ్డు మీద మూడు మైళ్ళు మెల్లిగా నడిపాను. కోపం ఇంకా తగ్గలేదు. ఆయన తల కొంచెం పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు, చూపు అంచుతో నన్ను చూడాలని. అలా ఇన్ని నెలలూ కూర్చున్నాడేమో, నేనే పట్టించుకోలేదు. దూరంగా గడ్డిలో ఏదో కదిలింది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నోరు ఊరుకోలేదు.

"ఎడమవైపు జింకలున్నాయి" అన్నాను.

"ఎన్ని?"

"ఏడు."

ఆయన అటు తిరిగాడు. తిన్నగా చూశాడు, పక్కగా చూశాడు. ఏమీ దొరకలేదు.

"నమ్మమంటావా?" అన్నాడు మెల్లిగా.

"పన్నెండు వందల మైళ్ళు నిన్ను నేను నమ్మలేదా?" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఇటూ అటూ చూసుకుని, బళ్ళేవీ రావట్లేదని ఆయనకి చెప్పి, హైవే ఎక్కాను.